జిల్లాలన్నీ సాక్ష్యం చెప్పాయన్నాను

ఎండనూ వాననూ తన గుప్పిట ఉంచుకొని, మనం నోరు తెరవకముందే మన అక్కర ఎరిగిన దేవునికి ముందుగా స్తోత్రం. నేను తల ఎత్తుకోలేని రోజున కూడా ఆయన నన్ను తన సన్నిధిలోంచి పొమ్మనలేదు, అందుకు స్తోత్రం. ఇది రాయడానికి కావలసిన ధైర్యం నా సొంతం కాదు, ఆయన ఇచ్చిందే. అందుకూ స్తోత్రం.

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో నేను ఎకానమీ పాఠం చెబుతాను. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు నా విద్యార్థులు. పిల్లలంటున్నాను గానీ కొందరు నాకంటే రెండు మూడేళ్లే చిన్న. ఉండేది చిక్కడపల్లిలో, వెనక సందులో ఒక కిరాయి ఇంట్లో. మా మందిరం నారాయణగూడలో ఉంది. మెట్రో రైలు పోయినప్పుడల్లా మా అయ్యగారు ప్రసంగం మధ్యలో ఒక్క క్షణం ఆగుతారు. ఆ ఆగడానికి మేమందరం ఎంత అలవాటు పడ్డామంటే, వేరే మందిరానికి వెళితే అక్కడి బోధకులు తొందరపడుతున్నట్టు అనిపిస్తుంది.

ఈ మూడు చోట్ల మధ్య తిరుగుతూనే చాలా ఏళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. నా ప్రశ్న చిన్నది. బియ్యం, పప్పు, నూనె ధరలు పెరుగుతాయి. రోజు కూలి కూడా పెరుగుతుంది, కానీ ఎప్పుడో, ఎంతో కొంత. ఈ రెంటికీ మధ్య ఏళ్ల తరబడి నిలిచే కట్టు ఏదైనా ఉందా? ధర ముందుకు పోయినప్పుడు, ఆలస్యంగానైనా, కూలి దాని వెనకే వచ్చి అందుకుంటుందా? లేక దేని దారి దానిదేనా?

ఆరాధన అయ్యాక మా మందిరం వాకిట్లో తల్లులు మాట్లాడుకుంటూ అటూ ఇటూ కదులుతుంటారు. నడక వచ్చిన పిల్లలు తమ ఇష్టానికి పరుగెత్తుతుంటారు. ఒక్క క్షణం చూస్తే ఎవరి బిడ్డ ఎవరో చెప్పలేం. కాసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది. ఏ బిడ్డ ఎంత దూరం పోయినా చివరికి ఒక చీర దగ్గరికే తిరిగి వస్తుంది. నా పరిశోధన అలా నిలబడి చూడటమే. కాకపోతే ఒక్క జిల్లాలో చూడాలంటే మనకు దొరికే ఏళ్లు చాలవు. అందుకని చాలా జిల్లాల అంకెలను పక్కపక్కన పెట్టి ఒకేసారి పరీక్షిస్తారు. దాన్ని ప్యానెల్ అంటారు. ఒక్కో జిల్లా గొంతు సన్నగా ఉన్నా అన్నీ కలిస్తే గట్టిగా వినిపిస్తుందని ఆశ. కట్టు లేదని మొదట అనుకొని లెక్క మొదలుపెడతాం. అంకెలు ఆ మాటను నిలబడనివ్వకపోతే, ఉందని రాస్తాం.

నా మొదటి పరీక్షలో అంకెలు ఆ మాటను నిలబడనివ్వలేదు. మధ్యాహ్నం క్లాసుకు బయలుదేరబోతూ ఫలితం చూశాను. చెప్పులు విప్పి, లోపలికి వెళ్లి, మంచం పక్కన మోకాళ్ల మీద పడ్డాను. ఇన్నేళ్ల తర్వాత నా చేతికి ఒక ఫలితం వచ్చింది. అదీ కూలి చేసుకునే వాళ్లకు మేలు చెప్పే ఫలితం. క్లాసుకు ఆలస్యంగా వెళ్లాను. పిల్లలు ఏమైందని అడిగితే మంచి వార్త అని మాత్రం అన్నాను.

మా సంఘంలో మేలు పొందినవాళ్లు ఆదివారం లేచి సాక్ష్యం చెబుతారు. ఉద్యోగం వచ్చినా, బిడ్డ జ్వరం తగ్గినా, పోయిన ఫోను దొరికినా, మైకు పట్టుకొని అందరి ముందు దేవునికి కృతజ్ఞత చెబుతాం. మేలు పొంది ఊరుకోవడం దొంగతనంతో సమానమని మా నాన్న నాకు చిన్నప్పుడే నేర్పాడు. ఆయన సువార్తికుడు. సైకిల్ మీద ఊరూరూ తిరిగి వాక్యం చెప్పినవాడు. కాబట్టి నాకు ఆగాలన్న ఆలోచనే రాలేదు. లెక్కల్లో తేలిన ఫలితానికి సాక్ష్యం చెప్పినవాళ్లు మా సంఘంలో అంతకు ముందు లేరు. నేను చెప్పాను.

మా సంఘంలో సగం మంది మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో ఉంటూ కట్టడం పనులకు వెళ్లేవాళ్లు. నేను వాళ్ల వైపు తిరిగి మాట్లాడాను. ధరలు ఎంత పెరిగినా కూలి వెనకే వచ్చి అందుకుంటుందని లెక్కల్లో తేలిందన్నాను. చివర నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది. ముందు అనుకున్నది కాదు.

"ఒక్క జిల్లా కాదు, జిల్లాలన్నీ లేచి సాక్ష్యం చెప్పాయి!"

ఆమెన్ అని మందిరం అంతా ఒక్కసారి పలికింది. నా ఒళ్లు జలదరించింది.

ఆ రోజు అయ్యగారు ప్రసంగించిన వర్తమానం ఓర్పు గురించి. నా మాటను అందులోకి తీసుకున్నారు. "మన సిస్టర్ గారు కంప్యూటర్‌లో చూసి చెప్పారు. ఆలస్యమవుతుందేమో గానీ ఆగిపోదు. దేవుడు మీ కూలిని మరిచిపోలేదు" అన్నారు. ముసుగు సర్దుకుంటూ తల దించుకొని కూర్చున్నాను. ఎవరైనా చూస్తే వినయం అనుకుంటారు.

నాకు అప్పుడు తెలియనిది ఒకటుంది. మా సంఘ పెద్దల్లో ఒకాయన కాంట్రాక్టర్. అందరం కాంట్రాక్టరన్న అంటాం. మంచివాడు. మందిరం పైకప్పు ఆయన వేయించిందే. పనికోసం వచ్చినవాళ్లను ఊరికే తిప్పి పంపడు. బస్తీ ఆడవాళ్లలో చాలామంది ఆయన సైట్లలోనే ఇసుక, ఇటుక మోస్తారు. వాళ్లంతా కలిసి ఆయన్ను కూలి పెంచమని అడగాలని ఆ వారమే అనుకున్నారు. ఈ సంగతి నాకు పెద్దమ్మ చెప్పింది. ఆమె వాళ్లలో పెద్దది. ఆరాధనలో నా పక్కనే కూర్చుంటుంది. పాట రాకపోయినా గొంతెత్తి పాడుతుంది. నేను పెద్దమ్మ అంటాను, ఆమె నన్ను టీచరమ్మ అంటుంది.

కొన్ని వారాలయ్యాక ఒక ఆదివారం వాకిట్లో చాయ్ తాగుతూ అంది. "అడుగుదమనుకున్నం టీచరమ్మా. అందరం ఒక్క మాట మీదున్నం. గంతల నువ్వు జెప్తివి."

"నేనేం చెప్పిన పెద్దమ్మా?"

"ఆగితే కూలి దానంతటదే వస్తదని. కాంట్రాక్టరన్న గూడ గదే అన్నడు. మన టీచరమ్మే జెప్పింది గద, కంప్యూటర్ల సూసి, తొందరెందుకు అన్నడు. మేం గూడ సరే అన్నం. నువ్వేమన్న అబద్దం జెప్తవా?"

ఇది రాయడానికి నా చేయి వెనక్కి లాగుతోంది. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట కలిగింది భయం కాదు. గర్వం. నా లెక్క ఒక చోట పనికొచ్చిందని.

భయం తర్వాత వచ్చింది, ఎందుకంటే ఆ పాటికి మా గైడ్ మేడం నన్ను ఒక ప్రశ్న అడిగి ఉన్నారు. ఆవిడ బషీర్‌బాగ్ వైపు ఒక కాలేజీలో పాఠం చెబుతారు. ఈ నగరంలో తరాలుగా ఉన్న కుటుంబం. కోపం వచ్చినా గొంతు పెంచరు. నా చాప్టరు పేజీలు తిప్పి కళ్లజోడు తీశారు.

"జిల్లాలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నయా లేవా, చూసినవా?"

"తర్వాత చాప్టర్‌ల చేద్దామనుకున్న మేడం."

"తర్వాత ఎట్ల అయితది? జర చెప్పు, మీ గల్లీల కరెంటు పోతే ఎన్ని ఇండ్లల్ల పోతది?"

"అన్నిట్ల పోతది."

"మరి ఇంటికొక ఫ్యూజ్ కొట్టేసిందని రాసుకుంటవా? పోయింది ఒక్క ట్రాన్స్‌ఫార్మర్. నువ్వేమో ఇంటింటికి తిరిగి కంప్లైంట్లు రాసుకొచ్చినవ్. ఎన్ని రాస్తే అంత గట్టి ఆధారం అనుకుంటున్నవ్."

అన్ని జిల్లాల మీదా కురిసేది ఒకే వాన, కురవకపోతే ఎండేదీ అన్నీ. డీజిల్ ధర పెరిగితే అన్ని జిల్లాల్లో బియ్యం ధర కదులుతుంది. సర్కారు కూలి రేటు మారిస్తే అన్ని జిల్లాల కూలి ఒకే ఏడు కదులుతుంది. ఒక్క సంగతినే అన్ని చోట్లా విని, ఇన్ని సంగతులని లెక్కపెట్టుకుంటే, లేని కట్టు కూడా ఉన్నట్టు కనిపిస్తుంది. నేను వాడిన పరీక్ష ప్రతి జిల్లా వేరేదాని ఊసు లేకుండా సొంతంగా మాట్లాడుతుందని నమ్ముతుంది. అలా నమ్మని పరీక్షలు వేరే ఉన్నాయి. వాటి గురించి నేను చదివాను. నా సినాప్సిస్‌లో రాసి కూడా ఉంది.

"వారం రోజుల పని. చేసి తీసుకరా" అన్నారు మేడం.

నేను వారం రోజుల్లో చెయ్యలేదు. నోటిఫికేషన్ పడింది, క్లాసులు పెరిగాయి, అవన్నీ నిజమే. కానీ నేను మైకులో చెప్పేశాను. ఆ పని మొదలుపెడితే ఏం తేలుతుందో అని, మొదలుపెట్టకుండా తిరిగాను. పెద్దమ్మ వాకిట్లో ఆ మాట చెప్పాక కూడా తిరిగాను. ఇంకా ఎక్కువ తిరిగాను.

మా కోచింగ్ సెంటర్ ఎదురుగా ఒక పాత ఇంటిని పడగొట్టి హాస్టల్ కడుతున్నారు. అశోక్‌నగర్‌లో ఇప్పుడు అన్నీ అంతే, పెరడున్న ఇల్లు కనిపిస్తే హాస్టల్ అవుతుంది. ఆ పని కాంట్రాక్టరన్నదే. క్లాసు కిటికీలోంచి చూస్తే పెద్దమ్మ ఇసుక గంప నెత్తిన పెట్టుకొని కర్రల మెట్ల మీద ఎక్కుతూ కనిపించేది. నన్ను చూస్తే చేయి ఊపేది. ఒక రోజు నేను బోర్డు మీద ద్రవ్యోల్బణం రాస్తున్నాను. ముందు బెంచీ అమ్మాయి చేయెత్తింది.

"మేడం, బిట్ ఎట్ల ఇస్తరు? ధరలు పెరిగి కూలి అంతే ఉంటే ఆ కూలి అసలు విలువ ఏమయితది?"

"తగ్గుతది. ఆప్షన్ల పెరుగుతది అని గూడ ఇస్తరు, తొందరల టిక్ పెట్టకుండ్రి."

క్లాసు నవ్వింది. కిటికీ అవతల గంప దించుతున్న చప్పుడు. నేను అటు చూడలేదు. ఆ తర్వాత నుంచి పాఠం చెప్పేటప్పుడు కిటికీకి వీపు పెట్టి నిలబడడం అలవాటు చేసుకున్నాను.

చివరికి చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చొని చేశాను. ఇంట్లో ఉంటే మళ్లీ ఏదో ఒక పని కల్పించుకుంటానని తెలుసు. రీడింగ్ హాల్లో కుర్చీలు ఖాళీ ఉండవు. పొద్దున్నే వచ్చి పుస్తకం పెట్టి కుర్చీ పట్టుకుంటారు పిల్లలు. ఒక అమ్మాయి తన సంచి తీసి నాకు చోటిచ్చింది. లాప్‌టాప్ తెరిచి, అంతా సిద్ధం చేసి, మీట నొక్కబోయే ముందు అలవాటు కొద్దీ కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, కట్టు నిలబడనియ్యి."

కళ్లు తెరిచి అలాగే ఉండిపోయాను. నేను అడిగిందేమిటి? ఆ అంకెలు ఎప్పుడో రాసి ఉంచినవి. ఆ ఏళ్లలో కూలి ఇచ్చినవాళ్లు ఇచ్చారు, ఇవ్వనివాళ్లు ఇవ్వలేదు. ఆ ఇళ్లల్లో పొయ్యి మీద ఏది ఉడకాలో అది ఉడికింది. ఇప్పుడు వాటిలో దేవుడు మార్చవలసింది ఏమీ లేదు. కూలి పెరగనీ అని నేను అడగలేదు. నా మాట నెగ్గనీ అని అడిగాను. పుట్టినప్పటి నుంచి ప్రార్థన చేస్తున్నదాన్ని. ప్రార్థన అంటే ఏమిటో పిల్లలకు సండే స్కూల్లో నేర్పుతున్నదాన్ని. చుట్టూ అందరూ తల వంచుకొని చదువుకుంటున్నారు, నా వైపు చూసినవాళ్లు లేరు. అయినా నా మొహం వేడెక్కింది.

మీట నొక్కాను. ఈ కొత్త పరీక్ష మొదట అన్ని జిల్లాల్నీ కలిపి ఊపుతున్న ఉమ్మడి కదలికను వేరు చేస్తుంది. ఆ తర్వాత, కట్టు అసలే లేని లోకం ఎలా ఉంటుందో ఉన్న అంకెల నుంచే మళ్లీ మళ్లీ కల్పించి చూస్తుంది. అలా కల్పించేటప్పుడు ఒకే ఏడాదిలోని జిల్లాల అంకెలను విడదీయదు, అన్నిటినీ కలిపే కదుపుతుంది. కట్టు లేని లోకంలో కూడా నాకు వచ్చినంత పెద్ద అంకె తరచుగా వస్తుంటే, నా అంకెకు విలువ లేదు. పాత లాప్‌టాప్. ఫ్యాను రొద పెడుతూ తిరుగుతోంది.

పక్కనున్న అమ్మాయి మెల్లగా వంగింది. "మేడం, జర మీ చార్జర్ తీస్తరా? నా ఫోన్ చచ్చిపోతున్నది."

"ఇది ఆగిపోతే నేను చచ్చిపోత."

"అంత ముఖ్యమా? రిజల్టా?"

"రిజల్టే."

"ఏ పోస్టు మేడం?" అంది ఆశగా.

కట్టు లేని లోకంలో కూడా ఆ అంకె వస్తూనే ఉంది, తరచుగా. ఉమ్మడి కదలిక తీసేశాక, ఏ జిల్లాలోనూ కూలి ధర వెనక వస్తోందని చెప్పడానికి గట్టి ఆధారం మిగల్లేదు. ఇంకో రకంగా చేశాను. అదే వచ్చింది. చార్జర్ తీసి ఆ అమ్మాయికి ఇచ్చేసి, బయటికి వచ్చి చెట్ల కింద నిలబడి మేడంకు ఫోను చేశాను.

"ఏడ్వకు" అన్నారు. "ఇదీ ఫలితమే. వచ్చింది వచ్చినట్టు రాయి."

"మేడం, నేనది బయట చెప్పిన."

"ఎక్కడ? సెమినార్లనా?"

"మా చర్చిల."

"జర్నల్‌ల వేసి ఉంటే సవరణ పంపేదానివి. చర్చికి ఎట్ల పంపుతవ్ మరి?" ఆవిడ నవ్వుతున్నారనుకున్నాను. నవ్వడం లేదు. "వాళ్లు దాంతోని ఏం చేసిన్రు?"

చెప్పాను. కూలి పెంచమని అడగబోయి ఆగిపోయారని. ఆవిడ ఎన్నాళ్ల కింద అని మాత్రం అడిగారు. చెప్పాక, ఆ వారమే చెయ్యమన్న కదా అని గుర్తు చేయలేదు. గుర్తు చేసి ఉంటే బాగుండేది.

ఇంటికి నడుస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు. ఒక సంగతి స్థిరపడాలంటే ఒక్క సాక్షి చాలడన్న బైబిల్ వాక్యాన్ని నేను చిన్నప్పుడు కంఠతా నేర్చుకున్నాను. దాన్ని అప్పజెప్పి బహుమతి కూడా తెచ్చుకున్నాను. ఒకసారి ఊళ్లో ఎవరి గురించో ఒక మాట వచ్చింది. నలుగురూ అంటున్నారు కదా అని నేను అంటే, నాన్న సైకిల్ ఆపి అడిగాడు. "ఆ నలుగురికి ఎవరు చెప్పిన్రు బిడ్డా?" నలుగురికీ చెప్పింది ఒక్కరే. మా గైడ్ మేడం నాకు కరెంటు గురించి చెప్పిందీ, నాన్న సైకిల్ మీద చెప్పిందీ ఒక్కటే. ఒకచోట నేను విద్యార్థిని, ఒకచోట విశ్వాసిని. రెండుచోట్లా నేర్చుకున్నదాన్ని మైకు పట్టుకున్నప్పుడు మరిచిపోయాను. జిల్లాలన్నీ లేచి సాక్ష్యం చెప్పాయని దేవుని పేరు మీద చెప్పాను. ఎవరు చెబితే అవి చెప్పాయో అడగలేదు.

శనివారం అయ్యగారి ఇంటికి వెళ్లాను. ఆయన రేపటి వర్తమానం రాసుకుంటున్నారు. అమ్మగారు మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లారు. విషయం చెప్పి, రేపు సాక్ష్యాల సమయంలో రెండు నిమిషాలు ఇమ్మన్నాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. "అంటే, కూలి ధర వెనక రాదని తేలిందా సిస్టర్ గారూ?"

"లేదు అయ్యగారు. వస్తుందని తేలలేదు. రాదనీ తేలలేదు."

"మరింకేం. మీరు చెప్పింది అబద్ధం కాలేదు కదా."

"తేలిందని చెప్పాను. అది అబద్ధమే."

ఆయన పెన్ను పక్కన పెట్టారు. "చూడమ్మా. సాక్ష్యం వెనక్కి తీసుకునే అలవాటు మన సంఘంలో లేదు. విశ్వాసంలో చిన్నవాళ్లున్నారు. ఈ రోజు ఇది వెనక్కి తీసుకుంటే, రేపు జ్వరం తగ్గిందన్న సాక్ష్యాన్ని కూడా అనుమానిస్తారు. దేవుడు పేదల్ని చూస్తాడన్న మాట మీ కంప్యూటర్ మీద ఆధారపడి లేదు."

"లేదు అయ్యగారు. దాన్ని తీసుకెళ్లి కంప్యూటర్ మీద నిలబెట్టింది నేనే."

"ప్రార్థన చేద్దాం" అన్నారు. చేశారు. కల్లాకపటం లేని ప్రార్థన. నాకు మనశ్శాంతి ఇమ్మని అడిగారు. తిరిగి వస్తుంటే నిజంగానే గుండె తేలికపడింది. కాపరి వద్దన్నాడు, నేను లోబడ్డాను, ఇందులో నా తప్పేముంది? నారాయణగూడ చౌరస్తా దాటేదాకా ఆ మాటే అనుకున్నాను. అడుగుదామనుకొని ఆగిపోయినవాళ్లు సోమవారం మళ్లీ గంప ఎత్తుతారని అప్పటికి గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చాక ఆ మనశ్శాంతి ఉండలేదు. అది దేవుడిచ్చింది కాదని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఆదివారం సాక్ష్యాలయ్యాక ప్రార్థన అంశాలు చెప్పమంటారు. దానికి మైకు ఇవ్వరు, ఉన్నచోటే లేచి చెప్పాలి. ఒకామె కొడుకు ఇంటర్వ్యూ గురించి చెప్పింది. ఆమె కూర్చోగానే నేను లేచాను. బస్తీవాళ్ల వైపు తిరిగే ధైర్యం లేక ముందుకే చూస్తూ మాట్లాడాను.

"నా కోసం ప్రార్థన చెయ్యండి. ధరలు పెరిగితే కూలి వెనకే వస్తుందని తేలిందని ఇక్కడ చెప్పాను. తేలలేదు. పరీక్ష సరిగ్గా చెయ్యకముందే చెప్పాను. ఇంకో పరీక్ష చెయ్యాలని తెలిసి కూడా చాలా రోజులు చెయ్యలేదు. ఇప్పుడు చేశాను. ఆగితే కూలి దానంతట అదే వస్తుందని నేను చెప్పలేను. నా మాట విని ఎవరైనా ఆగి ఉంటే ఇక ఆగొద్దు. నన్ను క్షమించమని దేవుణ్ణి అడగండి."

కీబోర్డు వాయించే తమ్ముడు తీగ సర్దుతున్నట్టు కిందికి వంగాడు. పెద్దల వరసలో కాంట్రాక్టరన్న చెవులు ఎర్రబడటం నాకు వెనక నుంచే కనిపించింది. "దేవుడు మన సిస్టర్‌ను బలపరచును గాక. ఇంకెవరికైనా అంశాలున్నాయా?" అన్నారు అయ్యగారు. ఎవరిదో ఆపరేషన్ గురించి చెప్పారు. కూర్చున్నాను. నా పక్కన పెద్దమ్మ ఉంది. ఆమె చేయి నా చేతికి తగలకుండా కాస్త జరిగింది.

వాకిట్లో కాంట్రాక్టరన్న నేరుగా నా దగ్గరికే వచ్చాడు. "ఏందమ్మా ఇది? నీ మాట నమ్మే నేను వాళ్లకు చెప్పిన. నాకేం తెలుసు లెక్కలు? ఇప్పుడు అందరి ముందట నన్ను చెడ్డోన్ని చేసినవ్."

"తప్పు నాది అన్నా. మీది కాదు."

"తప్పులు తర్వాత పంచుకోండ్రి" అంది పెద్దమ్మ. ఆమె వెనక బస్తీ ఆడవాళ్లంతా ఉన్నారు. "కూలి సంగతి జెప్పు అన్నా."

"మందిరం ముందట గీ ముచ్చట్లా పెద్దమ్మా?"

"మందిరంలనే గద ఆగమన్నరు."

ఆడవాళ్లు నవ్వారు. కాంట్రాక్టరన్న నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "శనివారం సైటు కాడ మాట్లాడుదం. ఇప్పుడు కాదు."

"అందరం వస్తం మరి. ఒక్కొక్కరిని పిలువకు."

ఆయన తల ఊపి బండి వైపు వెళ్లాడు. వాళ్లలో వయసులో చిన్నామె నా వైపు చూసింది. "మా మేస్త్రి అడిగినప్పుడల్ల రేపంటడు. నీ కంప్యూటర్ ఆయనకంటె ఘోరం టీచరమ్మా. ఎప్పుడో ఒకప్పుడు అన్నది." మళ్లీ నవ్వులు. ఈసారి నా మీద. అవి నాకు తగినవే.

"పెద్దమ్మా, శనివారం నేను గూడ వస్త. నా వల్లనే ఆలస్యమైందని కాంట్రాక్టరన్నకు నేనే చెప్త" అన్నాను.

ఆమె కొంగు నడుముకు బిగించుకుంటూ ఆలోచించింది. "వద్దు. నువ్వొస్తే మళ్ల అందరం నీ మాటే వినాలె. మాకు నోరున్నది." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదైనా జవాబు వెతుక్కునేదాన్ని. వాళ్లు గేటు దాటి లోయర్ ట్యాంక్ బండ్ వైపు నడిచారు. ఎప్పుడూ నేను సందు మలుపు దాకా వాళ్లతోనే నడుస్తాను. ఆ రోజు గేటు దగ్గరే ఆగిపోయాను.

ఇది రాస్తున్నది ఆ వారం మధ్యలో. చాప్టరు తిరిగి రాస్తున్నాను, అందులో నాకు కష్టమేమీ లేదు. మాటలు వాటంతట అవే వస్తున్నాయి, ఎందుకంటే అక్కడ ఎవరికీ ఏమీ కాదు. శనివారం ఇంకా రాలేదు. అడిగినందుకు వాళ్లలో ఎవరినైనా పనికి రావద్దంటారేమోనన్న భయం నాకుంది. ఎవరి పని పోయినా, ఇన్ని వారాలు వాళ్లను ఆపింది నేనే. ఇసుక మోసి వచ్చే పెద్దమ్మను ఒళ్లు నొప్పులు ఎలా ఉన్నాయని అడిగే మొహం కూడా నాకు ఇప్పుడు లేదు.

చదువుతున్న మీరు ఏ సంఘం వారైనా, ఏ ఊరి వారైనా, ఒక్క నిమిషం చదవడం పక్కన పెట్టి ప్రార్థనలో నాతో కలవండి. నా పట్టా కోసం కాదు. నా సిగ్గు తగ్గడం కోసం అసలే కాదు, అది ఉండవలసినన్ని రోజులు ఉండనివ్వండి. శనివారం సైటు దగ్గర ఇటుకల పక్కన నిలబడి అడగబోయే ఆ ఆడవాళ్ల కోసం అడగండి. వాళ్ల గొంతు తడబడకూడదని, కాంట్రాక్టరన్న మనసు మెత్తబడాలని, సోమవారం వాళ్లందరికీ పని ఉండాలని అడగండి. నేను అడుగుతూనే ఉన్నాను. నా ఒక్కదాని మాట మీద వాళ్లను మళ్లీ వదలడం నాకు ఇష్టం లేదు. మీరూ అడగండి.